లోపలి పేరు, బయటి పేరు

“ఆ పేరుగల క్యూ ఇక్కడ లేదు.”

పొద్దుట్నించీ ఆ సర్వర్ చెబుతున్న జవాబు ఇదొక్కటే. ఓక్ దాజొంగ్ ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అక్షరం పొల్లుపోకుండా. మనిషైతే నాలుగోసారికి విసుక్కుని ఓ తిట్టు తిడతాడు, ఆ తిట్టులోంచైనా ఓ ఆచూకీ దొరుకుతుంది. ఈ ఇనప్పెట్టెకు ఆపాటి మర్యాద కూడా లేదు.

సోల్మే దీవి మత్స్యకారుల సంఘం ఆఫీసంటే ఒకటే గది. ఓ బీరువా, ఓ ఫ్యాను, గోడకు పోటుపాట్ల క్యాలెండరు, కిటికీలోంచి చూస్తే పడవల రేవు. మూల బల్ల మీద ఈ కొత్త సర్వర్. దాన్ని బుసాన్ నుంచి చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని పడవెక్కి వచ్చింది దాజొంగ్. కంపెనీలో చేరాక ఎవరి తోడూ లేకుండా ఆమెకు అప్పగించిన మొదటి పని ఇదే. “నేను చేసుకొస్తాను” అని పట్టుబట్టి మరీ తెచ్చుకుంది. ఇప్పుడనుభవిస్తోంది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఈ దీవి ఆడవాళ్ళు సముద్రంలో మునిగి, రాళ్ళకు అంటుకున్న జొన్‌బొక్ గవ్వల్ని ఊడదీసి తెస్తారు. ఎవరి గంపలో ఎంత పడిందో సంఘం పెద్ద గోంగ్ కంప్యూటర్‌లో కొడతాడు. కొట్టిన ప్రతి సంగతీ ఓ సందేశంగా మారి సర్వర్‌లో ఒకదాని వెనక ఒకటి నిలబడుతుంది. ఆ వరసే క్యూ. సముద్రం అవతలి ఒడ్డున, వేలం మందిరంలో ఇంకో జావా ప్రోగ్రాం ఉంది. అది సముద్రం దాటొచ్చి, ఈ క్యూను పేరుపెట్టి పిలిచి, సందేశాలు పట్టుకుపోవాలి. అంతే.

ఇన్నాళ్ళూ ఆ లెక్కంతా గోంగ్ ఫోన్లో చదివేవాడు. ఒడ్డున ఫోనెత్తే తీరిక వాళ్ళకెప్పుడు దొరికితే అప్పుడు. ఈలోగా మిగతా దీవుల సరుకంతా పాటలో పోయేది, సోల్మే సరుకు ఆఖర్న ఏదో ఓ ధరకు పోయేది. అలలకు ఎదురెళ్ళి తెచ్చిన గవ్వలు అడుక్కునేవాళ్ళ గవ్వలైపోతున్నాయని ఆడవాళ్ళు గోంగ్ ప్రాణం తోడేసేవారు. వేలం మందిరం వాళ్ళు ఈసారి ఖరాకండిగా చెప్పేశారు. ఇవాళ రెండు గంటలకు పాట మొదలయ్యేలోపు సందేశాలు అందితే సోల్మే పేరు అందరితో పాటు బోర్డెక్కుతుంది. అందకపోతే ఈ సీజనంతా మళ్ళీ ఫోనే గతి.

“ఏమ్మా, కలిసిందా?” అన్నాడు గోంగ్, గుమ్మంలోంచి తల పెట్టి.

“ఇంకా లేదు బాబాయ్ గారూ.”

“పోనీ కలుస్తుందా?”

“కలుస్తుంది.”

“ఆ చెప్పేదేదో కాస్త గట్టిగా చెప్పమ్మా. బయట ఆడవాళ్ళు నన్ను నమిలేస్తున్నారు.”

నిజానికి దాజొంగ్ ఊరికే కూర్చోలేదు. మొదట అసలు తలుపే తెరుచుకోలేదు. వెతగ్గా వెతగ్గా, బయటివాళ్ళు రావలసిన దారికి సర్వర్ లోపల్నుంచి గడియ పెట్టుకుందని తేలింది. గడియ తీసింది. తర్వాత సర్వర్ “నువ్వెవరు?” అని నిలదీసింది. దాజొంగ్ ఒడ్డు ప్రోగ్రాంకు ఓ పేరూ ఓ రహస్యపదమూ ఇచ్చి, లోపలికి రావచ్చని రాసిపెట్టింది. హమ్మయ్య అనుకుందో లేదో, సర్వర్ ఇదిగో ఈ పాట అందుకుంది. తలుపు తీశావు, మనిషిని గుర్తుపట్టావు, కూర్చోబెట్టావు. తీరా వచ్చిన పని చెబితే, ఆ పేరుగలది ఇక్కడ లేదంటావు!

లేకపోవడమేమిటి, కళ్ళెదుటే ఉంది. జొన్‌బొక్ అని తనే పేరు పెట్టింది. ఇక్కడే, ఈ యంత్రంలోనే ఉన్న గోంగ్ ప్రోగ్రాం జొన్‌బొక్ అని పిలిస్తే తక్షణం పలుకుతోంది. సందేశాలు వరసలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఒడ్డు ప్రోగ్రాంను ఇక్కడినుంచే నడిపించి, అదే పేరుతో పిలిపిస్తే మాత్రం, ఎవరూ లేరు.

బుసాన్‌కు ఫోన్ కొట్టింది. టీమ్‌లీడర్ ప్యో ఎత్తాడు.

“పేరులో తప్పు కొట్టుంటావు.”

“లేదు సర్. అక్షరం అక్షరం కూడబలుక్కుని చూశాను.”

“పెద్దబడీ చిన్నబడీ అక్షరాలు?”

“చూశాను సర్.”

“చివర్న ఖాళీ ఏదైనా...”

“అదీ చూశాను సర్.”

“మరి ఇక్కడ మన ఆఫీసులో పరీక్షించినప్పుడు లక్షణంగా పనిచేసిందిగా! ఆ దీవి నీళ్ళు పడలేదేమో దానికి.” తన జోకుకు తనే నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, “చూడు దాజొంగ్, పన్నెండు లోపల తేలకపోతే చెప్పు. ఇవాళ్టికి కుదరదని వేలం మందిరానికి నేనే చెప్పేస్తాను. నీ తప్పని అననులే” అన్నాడు.

ఆ ఆఖరి మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. దాజొంగ్ ఫోన్ బోర్లించి, కళ్ళు నులుముకుని, మళ్ళీ అడిగింది. ఆ పేరుగల క్యూ ఇక్కడ లేదు. ఛీ, నీ మొహం మండ.

“ఏమే పిల్లా, పొద్దున్నించీ దాన్తో నువ్వొక్కదానివే మాట్లాడుతున్నావు. అదేమన్నా పలుకుతోందా?”

చేతిలో మూత పెట్టిన గిన్నెతో లోపలికొచ్చింది యోక్జిదేక్. యోక్జి దీవి నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి యోక్జిదేక్. డెబ్బై దాటినా ఇప్పటికీ అందరికంటే లోతుకు మునిగేది ఆవిడే. ఏళ్ళ తరబడి నీటి ఒత్తిడికి కుడిచెవి మూసుకుపోయింది, ఎడమచెవి మాత్రం కాస్త దయతలుస్తుంది. అందుకని ఎవరితోనైనా పోట్లాడుతున్నట్టే మాట్లాడుతుంది.

“పలుకుతోంది మామ్మా. లేదు పొమ్మంటోంది.”

“పొమ్మంటే పోకు. ముందిది తాగు. వేడివేడి మియొక్ చారు, నేనే కోసుకొచ్చిన సముద్రపాకు.”

దాజొంగ్ గిన్నె చూసి వెనక్కి జరిగింది. “అమ్మో, ఇవాళ వద్దు మామ్మా. జారుడు ఆకు. పరీక్షరోజు తింటే జారిపడతారంటారుగా.”

“నువ్వేం పరీక్ష రాస్తున్నావే?”

“పరీక్షే మామ్మా! రెండు గంటలకు.”

“సముద్రంలోకి దిగేదాన్ని నేను రోజూ తాగుతున్నాను, జారానా? చదువుకున్నదానివి, నీకెక్కడివే ఈ పిచ్చి నమ్మకాలు!” అని తిట్టి, గిన్నె సర్వర్ పక్కనే పెట్టింది. దాజొంగ్ గబుక్కున తీసి కిటికీలో పెట్టింది. యోక్జిదేక్ పట్టించుకోకుండా గోంగ్ వైపు తిరిగింది. “ఏవయ్యా, నా పార్సిల్ వచ్చిందా?”

“రాలేదు వదినా. వస్తే నేనే తెచ్చివ్వనూ? రోజూ అడుగుతావేం!”

“రోజూ రాలేదంటావు కాబట్టి రోజూ అడుగుతాను. టీవీలో చూపించిన ఈత తొడుగు. పాతది మోకాళ్ళ దగ్గర పిగిలిపోయి నీళ్ళు లోపలికొస్తున్నాయి. ఎముకలు కొరికేస్తోందనుకో చలి.” ఇలా గొణుక్కుంటూ బయట పందిరి కిందికెళ్ళి, ఆకు ఏరుతూ కూర్చుంది.

కాసేపటికి ఒడ్డునుంచి పడవ వచ్చింది. కొత్త కొరియర్ కుర్రాడు ఓ పెద్ద అట్టపెట్టె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“సార్, టాక్ మల్సున్ గారని ఉన్నారాండీ ఇక్కడ? ఇల్లు రాయలేదు, సంఘం ఆఫీసని రాశారు.”

“టాక్... ఏమిటీ?”

“మల్సున్ అండి.”

గోంగ్ గడ్డం గోక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఉన్న దీవి. గడపగడపా తెలుసు. “లేరయ్యా. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు” అన్నాడు, దృఢంగా.

“పోయిన వారం కూడా ఇలాగే వెనక్కి పోయిందట సార్. కాస్త ఆలోచించండి.”

“ఆలోచించడానికేముందయ్యా? అసలు ఈ దీవిలో టాక్ వంశంవాళ్ళే లేరు. పట్టుకుపో.”

కుర్రాడు పెట్టె మళ్ళీ చంకకెత్తుకుని రేవుకేసి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ యోక్జిదేక్ పక్కనుంచే వెళ్ళాడు. ఆవిడ మూసుకుపోయిన కుడిచెవి గుమ్మంవైపే ఉంది, తలెత్తకుండా ఆకు ఏరుకుంటోంది.

దాజొంగ్ చేతులు మీటల మీద ఆగిపోయాయి. ఇప్పుడు గోంగ్ అన్న మాట పొద్దుట్నించీ తను చదువుతున్న మాటే. అదే మాట, అదే ధీమా. కిటికీలోంచి ఒంగి, యోక్జిదేక్ ఎడమచెవి వైపు అరిచింది.

“మామ్మా! ఆ తొడుగు ఎవరి పేరు మీద తెప్పించావు?”

“ఎవరి పేరేమిటే, నా పేరు మీదే! కార్డు నాది కదా!”

“నీ పేరేంటి?”

యోక్జిదేక్ ఎవరో పాత పెట్టె తాళంచెవి అడిగినట్టు కాసేపు చూసింది. “నా పేరా? మల్సున్. టాక్ మల్సున్.”

“ఓరి దేవుడా!” అని గోంగ్ చెప్పులు కూడా తొడుక్కోకుండా రేవుకు పరిగెత్తాడు. అతని వెనకే దాజొంగ్. పడవ అప్పటికే తాడు విప్పుతోంది. ఇద్దరూ చేతులూపుతూ, “ఉన్నారు! ఉన్నారు! టాక్ మల్సున్ ఉన్నారు!” అని గోల పెట్టారు. కుర్రాడు పడవ అంచునుంచి పెట్టె అందిస్తూ, “ఇందాక లేరన్నారుగా సార్!” అని దెప్పాడు. గోంగ్ మొహం కందగడ్డలా ఎర్రబడింది.

“నాకేం తెలుసయ్యా? మాకు ఆవిడ యోక్జిదేక్! యోక్జిదేక్ అని అడిగుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్దును. లోపలివాళ్ళకు ఆ పేరే తెలుసు, బయటివాళ్ళకు ఈ పేరే తెలుసు. నా తప్పా?”

దాజొంగ్ అక్కడే, రేవు మధ్యలో నిలబడిపోయింది. లోపలివాళ్ళకు ఒక పేరు, బయటివాళ్ళకు ఒక పేరు. తన క్యూకు ఎన్ని పేర్లు రాసింది? ఒకటే. అదీ లోపలిదే.

“బాబాయ్ గారూ, పెట్టె మీరు తీసుకురండి!” అని అరిచి వెనక్కి పరిగెత్తింది.

సంగతి తెలిశాక నవ్వొచ్చేంత చిన్నది. ఈ రకం సర్వర్‌లో ఒకే క్యూకు రెండు పేర్లు రాసుకోవచ్చు. మామూలుగా రాసినది లోపలి ప్రోగ్రాములకు. ఎక్స్‌పోర్టెడ్ అనే మాట ముందు చేర్చి రాసినది బయటి యంత్రాలకు. బయటినుంచి ఎవరొచ్చి ఏ పేరడిగినా, సర్వర్ ఆ రెండో పట్టికలోనే వెతుకుతుంది తప్ప లోపలి పేర్లకేసి కన్నెత్తి చూడదు. అందులో లేకపోతే లేదనే చెబుతుంది, అచ్చం గోంగ్ లాగే, అబద్ధమాడకుండానే. బుసాన్‌లో పరీక్షించినప్పుడు రెండు ప్రోగ్రాములూ ఒకే యంత్రంలో కూర్చున్నాయి. రెండూ లోపలివే. అందుకే అక్కడ సాగింది, ఇక్కడ సముద్రం అడ్డొచ్చేసరికి ఆగిపోయింది.

జొన్‌బొక్ పక్కనే రెండో పేరు కొట్టింది. సర్వర్‌ను ఆపి మళ్ళీ లేపింది. అది లేచేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. లేచింది. ఒడ్డు ప్రోగ్రాంను మళ్ళీ పంపింది.

ఈసారి లేదు అనలేదు. వరసలో నిలబడ్డ సందేశాలు ఒక్కొక్కటే కదిలాయి. అన్నీ వెళ్ళిపోయాయి.

“బాబాయ్ గారూ! కలిసింది!” దాజొంగ్ కేకకు పందిరి కింది ఆడవాళ్ళంతా గుమ్మంలో మూగారు. గోంగ్ ఆనందం పట్టలేక అట్టపెట్టెను డప్పులా వాయించాడు. “నా తొడుగురా అది, నా తొడుగు!” అని యోక్జిదేక్ లాక్కుంది.

ప్యోకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. “ఎక్స్‌పోర్టెడా? అయ్యో రామ... ఆ మాట నేనే చెప్పాల్సింది. పాత రకం సర్వర్లకు ఆ గొడవే లేదు, నా బుర్రలో అవే తిరుగుతున్నాయి. ఎలా పట్టుకున్నావు?”

“పార్సిల్ వచ్చింది సర్.”

“ఏం పార్సిల్?”

“వచ్చాక చెబుతాను సర్.”

అంతలో వేలం మందిరం నుంచి ఫోనొచ్చింది. గోంగ్ స్పీకర్ నొక్కాడు. అవతల ఓ నడివయసు మగగొంతు, హడావిడిగా ఉంది.

“సోల్మే వారూ, మీ సందేశాలు అందాయి. బాగున్నాయి. కానీ ఇవేం పేర్లండీ బాబూ! యోక్జిదేక్ అట. సన్‌వూ వాళ్ళమ్మ అట. కొండమీది మామ్మ అట! మా రిజిస్టర్‌లో ఇలాంటివాళ్ళెవరూ లేరు. అసలు పేర్లు లేకపోతే సరుకు బోర్డెక్కదు. టైముంది, సరిచేసి పంపండి.”

గోంగ్ నెత్తి పట్టుకున్నాడు. దాజొంగ్ పకపకా నవ్వేసింది. పొద్దుట్నించీ అది మొదటి నవ్వు. “నేను చేసిన తప్పే మీరూ చేశారు బాబాయ్ గారూ. రండి, కూర్చోండి. అందరికీ బయటి పేర్లు రాద్దాం.”

అదొక తమాషా అయింది. ఏళ్ళకేళ్ళు కలిసి మునిగిన ఆడవాళ్ళు, ఒకరి ఊపిరి ఒకరు లెక్కపెట్టుకున్నవాళ్ళు, ఒకరి పేరొకరికి తెలియదు. ఒక్కొక్కరూ చెబుతుంటే, “నీ పేరు అదా! అంత నాజూకు పేరు నీకెలా పెట్టారే!” అని మిగతావాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. గోంగ్ వేళ్ళు టకటకా నడుస్తున్నాయి. సన్‌వూ వాళ్ళమ్మ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాయి. సన్‌వూ వాళ్ళమ్మంటే సాక్షాత్తూ ఆయన పెళ్ళామే. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

“ఊఁ, కొట్టండి. ఆగిపోయారేం?”

“కొడుతున్నానుగా... బాన్... బాన్ గుమ్...”

“గుమ్?”

“ఇదిగో అని పిలిస్తే పలుకుతావు కదే! ఇన్నేళ్ళూ ఆ పేరుతో పనేం పడింది?”

“పడింది కదా ఇప్పుడు. కొట్టండి.”

“గుమ్‌రే!” అన్నాడు గోంగ్, చెమటలు కక్కుతూ. ఆడవాళ్ళంతా ఈలలేశారు. గుమ్‌రే మూతి ముడుచుకుంది గానీ, మొహం వెలిగిపోవడం దాజొంగ్ చూసింది.

ఆఖర్న యోక్జిదేక్ వంతు. అట్టపెట్టె మీద రాసున్న పేరు చూసి గోంగ్ అలాగే దించుతున్నాడు. ఆవిడ మెల్లిగా దాజొంగ్ పక్కకొచ్చింది.

“అమ్మాయ్, ఆ పేరు రాస్తే మా వాళ్ళు నన్ను యోక్జిదేక్ అనడం మానేస్తారా?”

“మానరు మామ్మా. లోపల అదే ఉంటుంది. బయటివాళ్ళకు ఇది. రెండూ నువ్వే.”

“అయితే రాయండి.” ఆవిడే మళ్ళీ అంది, “ఆ పేరు పెట్టి పిలిచింది మా అమ్మే. పెళ్ళయి పడవెక్కుతుంటే రేవులో నిలబడి పిలిచింది. తర్వాత ఎవరూ పిలవలేదు. నేనూ మర్చిపోయాననే అనుకున్నాను.” ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. దాజొంగ్ కిటికీలోని గిన్నె అందుకుని మియొక్ చారు గటగటా తాగేసింది. చల్లారిపోయినా కమ్మగా ఉంది.

“జారిపడతానన్నావుగా!”

“పరీక్ష అయిపోయింది మామ్మా.”

రెండు గంటలకు గోంగ్ ఫోన్ బల్ల మధ్యలో పెట్టి స్పీకర్ నొక్కాడు. అవతల వేలం మందిరం హోరు, గంట, కొనేవాళ్ళ కేకలు. దీవుల పేర్లు వరసగా వస్తున్నాయి. గదిలో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చడం లేదు. మునిగేటప్పుడు కూడా ఇంతసేపు బిగపట్టి ఉండరు.

“తర్వాత, సోల్మే దీవి!” అంది ఆ గొంతు. “మొదటి తొట్టె, జొన్‌బొక్, పెద్ద రకం. తెచ్చినవారు టాక్ మల్సున్!”

గది దద్దరిల్లింది. గోంగ్ ఎగిరి గంతేశాడు. గుమ్‌రే పక్కనున్నావిణ్ణి వాటేసుకుంది. యోక్జిదేక్ మాత్రం కొత్త తొడుగు ఒళ్ళో పెట్టుకుని, అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది.

“ఏమైందే? ఏమన్నాడు వాడు?”

“నీ పేరు పిలిచారు మామ్మా! అందరికంటే ముందు నీదే!”

“నాకు వినపడలేదే! ఈ దిక్కుమాలిన చెవి అటుంది.” లేచి, బల్ల మీదికి ఒంగి, ఎడమచెవి ఫోన్‌కు ఆనించింది. “ఇంకోసారి పిలవమను.”

“పాట నడుస్తోంది వదినా, ఇప్పుడెలా...” అని గోంగ్ నసిగాడు. దాజొంగ్ అతన్ని పక్కకు జరిపి ఫోన్‌లోకి అరిచింది.

“అయ్యా, మా వాళ్ళకు పేరు సరిగ్గా వినపడలేదు! ఇంకోసారి చదవరూ?”

అవతలి గొంతు విసుక్కుంటుందనుకుంది. విసుక్కోలేదు. హోరు కొంచెం తగ్గేదాకా ఆగి, బడిలో హాజరు పిలిచినట్టు, విడివిడిగా, గట్టిగా పిలిచింది.

“సోల్మే దీవి. టాక్, మల్సున్!”

ముసలావిడ చెయ్యెత్తింది, ఆ చెయ్యి సముద్రం అవతలికి కనబడుతుందన్నట్టు.

“ఆఁ! ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!”